వేదిక లేని మీటింగులు

అనంతపురం వైపు నుంచి కృష్ణగిరికి పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, మిగతావి చిత్తూరులో ఉండిపోయాయి. గీత మారింది గానీ మాట మారలేదు. ఎక్కడ దిగినా "ఏమబ్బా, బాగుండావా" అనే పలకరింపే.

ఈ దారిన పోవడానికి నాకు కారణం ఒక అన్న. రాయలసీమ పల్లెల్లో సంఘాలు పెట్టించే పనిలోనే ఆయన జుట్టు నెరిసింది. ఇప్పుడు ఏ సంస్థలోనూ లేడు. సభాధ్యక్షుడు, ముఖ్య అతిథి, శాలువా, వందన సమర్పణ ఉండే సభల్లో కూర్చుని కూర్చుని విసుగెత్తిందని ఒకసారి ఆయన దగ్గర వాపోయాను. "వేదిక లేని మీటింగులు చూపిస్తా, రా" అన్నాడు. "వాటిని నడిపేవాడికి ఒకటే పని, నోరు మూసుకోవడం. అది నేర్చుకోను నాకు సగం ఉద్యోగం పట్టింది."

మదనపల్లెలో పొద్దున్నే నన్ను టమోటా మార్కెట్ యార్డుకు తీసుకుపోయాడు. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఇదొకటి. మండీల ముందు క్రేట్లు వరసలు కట్టి ఉన్నాయి. వేలం పాట చెవికి అందేలోపే ధర తెగిపోతోంది. పండించిన రైతు తన కాయల పక్కనే నిలబడి ఉంటాడు, మాట్లాడేది మాత్రం మిగతా అందరూ. వ్యాపారులు అదనంగా తీసుకునే క్రేట్లకు ఇక్కడ 'జాక్‌పాట్' అని పేరు. దాని మీద రైతుల గొడవ పాతదే.

"ఇక్కడ ఎవురూ ఎవుర్నీ నమ్మక్కర్లేదు" అన్నాడు అన్న, టీ కొట్టు దగ్గర. "సరుకుండాది, రొక్కముండాది. అయిపోయా. పంచుకోవాల్సింది ఒకటే ఉండి మనుషులు పదిమంది ఉన్నప్పుడు గదా నమ్మకంతో పని పడేది."

ఇక్కడ పంచుకోవాల్సింది నీళ్లు. ఈ మండలాల్లో పంట అంటే బోరే. బోరు నాదే, పైపు నాదే, కరెంటు మోటారు నాదే. కింద నీళ్లు మాత్రం నావి కావు, పక్క చేను రైతు నాకంటే లోతుగా దించితే నా బోరు ఎండుతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన మీటింగు జరగదు. 2003 తర్వాత చిత్తూరుతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే ఒక పథకం నడిచింది, తర్వాతి రోజుల్లో దానికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆసరా ఇచ్చింది. రైతులే వానమాని చూసి రాసుకునేవారు, బోర్లలో నీటి మట్టం కొలిచేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఎంత నీరు ఊరింది, ఏ పంటకు ఎంత ఖర్చవుతుంది అని లెక్క కట్టేవారు. ఆ లెక్క తేలాక ఎవరికీ ఏ ఆంక్షా లేదు. వరి పెట్టుకునేవాడు పెట్టుకోవచ్చు. ఊరందరి ముందూ లెక్క చదివాక పెట్టుకుంటాడు, అంతే తేడా.

ఆ తర్వాత, 2013 ప్రాంతంలో, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ విదేశీ పరిశోధకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ మెట్ట పల్లెల్లో ఒక ఆట ఆడించింది. కొందరు రైతులు కూర్చుంటారు. ప్రతి విడతలోనూ ఒక్కొక్కరు తక్కువ నీటి పంటనో, ఎక్కువ నీటి పంటనో గుట్టుగా ఎంచుకుంటారు. నీరెక్కువ తాగే పంటకు రాబడి ఎక్కువ. విడత ముగిశాక భూమిలో నీరెంత తగ్గిందో అందరికీ చూపిస్తారు. మొదట్లో మాట్లాడుకోకూడదు, తర్వాత మాట్లాడుకోవచ్చు. చివర ఊరందరితో చర్చ. కొంతకాలానికి వెళ్లి చూస్తే, ఆట ఆడిన ఊళ్లు ఆడని ఊళ్లకంటే ఎక్కువగా నీటి రిజిస్టర్లు పెట్టుకున్నాయనీ, వాడకానికి కట్టుబాట్లు చేసుకున్నాయనీ తేలింది. ఉమ్మడి వనరులను జనం తామే కాపాడుకోగలరని చూపించి 2009లో ఆర్థికశాస్త్రపు నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ పేరిట ఒక పురస్కారం ఉంది. 2013లో అది ఈ సంస్థకూ వచ్చింది.

నాకు పురస్కారం కంటే అన్న చెప్పిన మాట ఎక్కువ పనికొచ్చింది. "ఆటలో 'నువ్వు దొంగతనంగా నీళ్లు తోడేస్తివి' అని నవ్వుతా అనొచ్చు. నిజం బోరు గురించి అట్లంటే కట్టెలు లేస్తాయి. ఒకరిమీద ఒకరికి నమ్మకం లేదనే ముక్క బయటికి రావల్ల. అది వచ్చినాకనే మీటింగు." నేను ఇన్నాళ్లూ అనుకున్నది దీనికి తలకిందులు. నమ్మకం ఉన్నవాళ్లు కూడి మాట్లాడుకుంటారనుకున్నాను. ఈయన అనుమానాన్ని ముందు కూర్చోబెట్టమంటున్నాడు.

మదనపల్లె నుంచి కదిలేముందు ఒక పక్కదారి. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఈ ఊళ్లోనే పుట్టారు. అనీబిసెంట్ పెట్టిన దివ్యజ్ఞాన కళాశాల ఇక్కడే ఉంది, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి జనగణమనకు ఇంగ్లీషు అనువాదం చేసుకున్నదీ అక్కడే. ఊరికి దగ్గర్లోనే రిషివ్యాలీ బడి. జగద్గురువంటూ తన చుట్టూ కట్టిన సంఘాన్ని కృష్ణమూర్తి 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, వేలమంది అనుచరుల ముందు, తానే రద్దు చేశారు. ఆయనతో ఏళ్ల తరబడి మాట్లాడిన భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్ తర్వాత ఒక సంభాషణ పద్ధతి చెప్పాడు. గుండ్రంగా కూర్చోవాలి, ముందే రాసుకున్న ఎజెండా ఉండకూడదు, మొదలుపెట్టినవాడు తన అవసరం లేకుండా పోయేట్టు చూసుకోవాలి. అన్న పద్ధతికి ఇది దగ్గరే. అనుచరులు వద్దన్న కృష్ణమూర్తి కూడా చివరిదాకా వేదిక మీద ఒంటరిగా కూర్చుని మాట్లాడుతూనే ఉన్నారని నేనంటే, "ఆయనకు పొదుపు సంఘం లేదు గదా" అన్నాడు అన్న.

పుంగనూరు అనగానే పొట్టి ఆవులు గుర్తొస్తాయి. ఊళ్లో దిగాక వాటి జాడ నాకు పోస్టర్ల మీదే కనిపించింది. మేం ఆగింది అక్కడికి కొంచెం ఎడంగా ఉన్న ఒక పల్లెలో. సాయంత్రం పాలు పోసొచ్చాక, రామాలయం ముందర అరుగు మీద పట్ట పరిచి ఆడవాళ్లు కూర్చున్నారు. పొదుపు సంఘం. జనం నోట్లో ఇప్పటికీ డ్వాక్రానే. ఆ పేరుతో కేంద్ర పథకం 1982లో మొదలైంది. 2000లో వెలుగు పథకం వచ్చాక సంఘాలు ఊరికి గ్రామైక్య సంఘంగా, మండలానికి మండల సమాఖ్యగా ముడిపడ్డాయి. ఈ వరసంతా అక్కడ ఒక్కరూ చెప్పలేదు. వాళ్ల దృష్టి మధ్యలో ఉన్న రేకు పెట్టె మీదే ఉంది.

పెట్టె ఒకరి ఇంట్లో ఉంటుంది, తాళంచెవి ఇంకొకరి దగ్గర, పుస్తకం మూడో మనిషి దగ్గర. ముగ్గురూ వస్తేనే మీటింగు. పేర్లు పిలిచారు. ఒక్కొక్కరు పొదుపు డబ్బు పట్ట మీద పెట్టారు. ఒకామె లెక్కపెట్టింది, పక్కనామె మళ్లీ లెక్కపెట్టింది, పైకి చెప్పింది. పోయిన మీటింగు తీర్మానం చదివారు. చదివిన అమ్మాయి ఒక అంకె మింగేస్తే, చదువు రాని పెద్దామె "ఆ నూర్రూపాయలు యాడికి పోయా" అని ఆపింది. చదువు రానివాళ్లకు లెక్క గుర్తుండేంత గట్టిగా చదవాలి, ప్రతిసారీ. ఈ తంతు అంతా చూస్తే విసుగ్గా ఉంటుంది. నాకూ ఉండింది, అంతర్గత అప్పు సంగతి వచ్చేదాకా.

చేతిలో ఉన్న డబ్బు ఒక్కరికే సరిపోతుంది. అడిగేవాళ్లు ఇద్దరు.

"మోటరు కాలిపోయింది మా. వారం దినాలు నీళ్లు కట్టకుంటే తోటంతా ఎండిపోతాది."

"మా పాపకు ఫీజు కట్టకుంటే హాల్ టికెట్ ఇయ్యమంటా ఉండారు. నేనేం జెయ్యాల?"

ఎవరూ పలకలేదు. కొందరు అన్న వైపు చూశారు. ఆయన వలయానికి బయట స్తంభానికి ఆనుకుని కూర్చుని, చీమలబారును పట్టిపట్టి చూస్తున్నాడు. ఇంకాసేపు నిశ్శబ్దం. నాకే ఇబ్బందిగా అనిపించి ఏదో ఒకటి అనబోయాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

అప్పుడు మూలనుంచి ఒకామె, "పోయిన తూరి మోటరుకని తీసుకొని చీరలు తెచ్చిందెవరో చెప్పమంటారా?" అంది.

మోటరు కాలిపోయినామె ముఖం ఎర్రబడింది. "అవును, తెచ్చినా. పండగొచ్చె. కంతులన్నీ కట్టినా గదా? చూసుకోండి పుస్తకం."

పుస్తకం తీశారు. కంతులన్నీ పడ్డాయి, ఒకటి మాత్రం ఆలస్యం. ఆ ఆలస్యానికి జరిమానా కూడా పడింది. చీరల గొడవ అక్కడితో ఆగిపోయింది. తర్వాత మాటలు చకచకా సాగాయి. ఫీజుకు తేదీ ఉంది, మోటరు రివైండింగుకు షాపాయన అరువిస్తాడు, ఆయన తన చిన్నాయన కొడుకేనని ఒకామె చెప్పింది. ఫీజుకు కావాల్సింది మొత్తం, మోటరుకు మిగిలింది. షాపులో మాట్లాడే బాధ్యత చీరల సంగతి ఎత్తినామెకే పెట్టారు. తీర్మానం రాసి, చదివి, సంతకాలు, వేలిముద్రలు అయ్యాయి.

చీకట్లో నడుస్తూ అన్న, "ముందయితే ఆ మౌనంలో నేను దూరేవాణ్ణి. 'ఫీజు ముఖ్యం కదమ్మా' అని తీర్పు చెప్పేవాణ్ణి. తీర్పు తప్పేం కాదు. కానీ మర్నాటి నుంచి వాళ్లు అప్పు అడిగేది నన్ను" అన్నాడు.

తాళం సంగతి ఆ పెద్దామెను అడిగాను, ఒకరినొకరు నమ్మేవాళ్లకు ఇన్ని చేతులెందుకని. "తాళం ఉండేదానికే కదా సార్ మేం నమ్మేది" అంది. నాకు అర్థం కాలేదనుకుని మళ్లీ చెప్పింది. "చెవి నా దగ్గరే, పెట్టె నా దగ్గరే ఉంటే, రేపు పది రూపాయలు తగ్గినా నన్నే అంటారు. ఇట్లయితే నా మీద మాట రాదు." నమ్మకమంటే ఎదుటివాళ్ల మంచితనం మీద పందెం కాయడమని పట్నపు పుస్తకాలు చెబుతాయి. ఈమె లెక్కలో అది నిందపడకుండా మనిషిని కాపాడే ఏర్పాటు. ఆ రేకు పెట్టెను చూశాక నాకు ఈమె మాటే నిజమనిపిస్తోంది.

అమెరికాలో హారిసన్ ఓవెన్ అనే ఆయన 1985లో, ముందస్తు ఎజెండా లేకుండా వచ్చినవాళ్లే విషయాలు పెట్టుకుని జరుపుకునే సమావేశ పద్ధతి ఒకటి మొదలుపెట్టాడు. పెద్ద సదస్సుల్లో జనానికి బాగా నచ్చింది కాఫీ విరామమేనని గమనించడంతో పుట్టిన ఆలోచన అది. అందులో ఒక నియమం, నీకు ఏమీ దొరకని చోట కూర్చోకు, లేచి వేరే గుంపులోకి నడువు. నాకు ఇష్టమైన నియమమే, సాహిత్య సభల్లో దీన్ని చట్టం చేయాలి. అయితే పుంగనూరు దగ్గరి ఆ అరుగు మీద ఇది చెల్లదు. బ్యాంకు లింకేజీ లోను అందరి పేర ఉంది. ఒకరు లేచిపోతే ఆమె కంతు మిగతావాళ్ల నెత్తిన. వెళ్లిపోయే స్వేచ్ఛ మీద ఓవెన్ నమ్మకాన్ని నిలబెట్టాడు. ఈ ఆడవాళ్లకు ఆ స్వేచ్ఛ లేదు, రేపు పొద్దున అదే కొళాయి దగ్గర అదే మనిషి ఎదురవుతుంది. చీరల మాట పైకి అనగలిగారంటే అంత దూరం ఎన్ని మీటింగుల మీద నడిచి వచ్చుంటారో.

ఈ కట్టుబాటునే తాడుగా వాడుకున్నవాళ్లూ ఉన్నారు. మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఇవే పల్లెల్లో ఇలాగే ఆడవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టాయి, వారం వారం. మధ్యలో కూర్చున్నవాడు వసూలుకొచ్చినవాడు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు ఆ ఇంటి ముందు కూర్చోవాల్సిందే. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ప్రభుత్వాలు చేసిన హాని వేరే రకం. 2014 ఎన్నికల ముందు డ్వాక్రా రుణమాఫీ మాట వచ్చింది, ఆ తర్వాత పసుపు కుంకుమ డబ్బు, ఆ తర్వాత 2019 ఏప్రిల్ 11 నాటికున్న అప్పును నాలుగు విడతల్లో తీర్చే ఆసరా పథకం. ఎవరికీ డబ్బు చేదు కాదు, నేను తప్పు పట్టను. కానీ అప్పు తీర్చేది పైనున్నవాళ్లయితే, కంతు ఎందుకు ఆలస్యమైందని పక్కనామెను అడిగే హక్కు ఎవరికి ఉంటుంది? మీటింగు జరక్కుండానే తీర్మానం పుస్తకం ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు వేయించుకొచ్చే ఊళ్లు అన్న ఎన్నో చూశాడు. పార్టీ సభలకు బస్సులు నింపాలన్నా కబురు ముందు సంఘాలకే వస్తుంది. ఆ కబురు తెచ్చిన మనిషి మర్నాడు మీటింగు నడిపిస్తానంటే ఎవరు నోరు విప్పుతారు?

పలమనేరు, వి.కోట, శాంతిపురం దాటి కుప్పం చేరాం. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో కలిసి నడుస్తాయి. 1997లో ఇక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు గానీ, భాషలను కలిపే పని బస్టాండులో అంతకుముందు నుంచే జరుగుతోంది. తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి పనికి పోయేవాళ్లు ఎక్కువ, అందుకే మేం చూసిన సంఘం ఆదివారం కూర్చుంటుంది.

ఈ ప్రాంతంలో మైరాడ అనే సంస్థ పనిచేసింది. 1968లో టిబెట్ శరణార్థులకు ఊళ్లు కట్టించడానికి కర్ణాటకలో పుట్టిన సంస్థ అది. 1980ల నడుమ అది పెట్టించిన పెద్ద సహకార సంఘాలు నాయకుల మీద నమ్మకం పోయి కూలిపోయాయి. అప్పుడు సభ్యులు చిన్న చిన్న గుంపులుగా వచ్చారు. తీసుకున్న అప్పు మీకు కడతాం, ఆ సంఘానికి మాత్రం కట్టం అన్నారు. మాకెందుకు, మీలో మీరే కట్టుకోండి అంది సంస్థ. స్వయం సహాయక సంఘాలకు ఒక మొదలు అక్కడ ఉంది. నాబార్డు 1992లో 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని ప్రయోగంగా మొదలుపెట్టేనాటికి ఈ అనుభవం చేతిలో ఉంది. మైరాడను చాలాకాలం నడిపిన అలోషియస్ ఫెర్నాండెజ్ వాదన ఏమిటంటే, ఆ గుంపుల్లో పొత్తు సంస్థ వెళ్లకముందే ఉంది, బయటివాళ్లు దాన్ని చూడగలగాలి, తయారుచేయలేరు. సగం ఒప్పుకుంటాను. ఒకే కూలి, ఒకే బావి, ఒకే రకం మొగుడు కలిపిన మనుషులు నిజంగానే ఉంటారు. అయితే ఆ పొత్తు డబ్బును మోయడానికి పెట్టె, తాళంచెవి, గట్టిగా చదివే పుస్తకం కావాల్సి వచ్చాయి.

కుప్పం దగ్గరి ఆ సంఘానికి ఇప్పుడు బయటినుంచి నడిపించే మనిషి ఎవరూ రారు. "వాళ్లు వచ్చేది నిలిపేసినారు. మేం నిలిపేయలే" అంది మొదటి లీడరు. అన్నను ఎవరూ గుర్తుపట్టలేదు, ఆయనకు అది బాగా నచ్చింది.

ఆ రోజు తగవు సంఘంలో సభ్యత్వం గురించి. ఒక పెద్దామెకు చూపు తగ్గింది, తన చోట కోడల్ని కూర్చోబెట్టాలంటుంది. పొదుపు, బ్యాంకు లోను వాటా అన్నీ కోడలి పేరుకు మారాలి. పొలం మారినట్టు మారుతుందని ఆమె ధీమా.

"కోడలు మంచిదే. మాతో కూర్చోలే గదా" అంది ఒకామె. అరవం కలిసిన తెలుగు.

"మా యింట్లో ఉండే మనిషి కాదా?"

"మీ యింట్లో ఉండాది. ఈడ లేదు."

చాలాసేపు నడిచింది. ఎవరూ ఎవరి మాటా తోసేయలేదు, ఎవరూ తగ్గలేదు. చివరికి ఒక దారి దొరికినట్టయింది. కోడలు ఆర్నెల్లు వచ్చి కూర్చుని పొదుపు కట్టాలి, అప్పు అడగకూడదు, ఆ తర్వాత పేరు మారుద్దాం. అప్పటిదాకా గోడవార నిలబడి వింటున్న కోడలు ముందుకొచ్చింది.

"ఆర్నెల్లు ఊరికే కూర్చునేదానికి నేనెందుకు రావల్ల? కొత్త సంఘం పెట్టుకుంటా. మా వయసోళ్లు ఎనిమిది మంది ఉండాము."

అత్త నోరు తెరిచింది. లీడరు నవ్వింది. కోడలు ఈడ లేదని మొదట అడ్డం తగిలినామె మాత్రం వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది.

"బ్యాంకోళ్లకు పదిమంది కావల్ల" అంది. "ఇంకో ఇద్దర్ని నేను చూసిపెడతా. పుస్తకం రాసేదెవురో అది ముందు తేల్చుకోండి."